వీణకు మధ్యాహ్నం, స్పాన్సర్‌కు ప్రైమ్‌టైమ్

అమెరికా వాళ్ళ సంగీత అవార్డులు, ఆ గ్రామీలు వచ్చిన ప్రతిసారీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. మనవాళ్ళు గెలిచారట, టీవీలో మాత్రం చూపించలేదట, చూశారా వీళ్ళ బుద్ధి అని. ఫిర్యాదులో నిజం లేకపోలేదు. 90కి పైగా విభాగాలుంటే మనం సోఫాలో కూర్చుని చూసే రాత్రి షోలో ఇచ్చేవి పదో పన్నెండో, మిగతావన్నీ అదే రోజు మధ్యాహ్నం లాస్ ఏంజెలెస్‌లో పక్కనున్న ఇంకో థియేటర్‌లో ప్రీమియర్ సెరిమనీ పేరుతో చకచకా పంచేస్తారు. 2024 ఫిబ్రవరిలో, మన సంగీతాన్ని జాజ్‌తో కలిపి వాయించే శక్తి బృందం గ్లోబల్ మ్యూజిక్ ఆల్బమ్ అవార్డు అందుకున్నది అక్కడే. శంకర్ మహదేవన్ ఆ అవార్డును తన భార్యకు అంకితమిచ్చిందీ అక్కడే. అదే బృందంలో తబలా వాయించే జాకిర్ హుస్సేన్ ఒక్క రోజులో మూడు గ్రామీలు గెలిస్తే రాత్రి షో మాత్రమే చూసినవాళ్ళకు ఆ సంగతే తెలియలేదు. ఆ డిసెంబరులో ఆయన శాన్ ఫ్రాన్సిస్కోలో పోయారు. 2025 షోలో, చనిపోయిన కళాకారులకు నివాళిగా తెర మీద వేసిన వీడియోలో ఆయన కనిపించలేదు. అప్పుడు నాక్కూడా ఒళ్ళు మండింది.

అయితే అన్యాయమంతా మనకే జరుగుతోందనుకోవడం కూడా సరికాదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్, సౌండ్ ఇంజినీర్ల అవార్డులు, వీటిలో దాదాపు అన్నీ ఆ మధ్యాహ్నం కోటాలోవే. టీవీ వాళ్ళకు ప్రకటనలు కావాలి, ప్రకటనలకు పాప్ స్టార్లు కావాలి, అది వాళ్ళ వ్యాపారం. మన సంగీతాన్ని ఏ అరలో పెట్టాలో వాళ్ళకు మొదట్నుంచీ తెలియలేదు. 1968లో రవిశంకర్ గారికి, వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్‌తో కలిపి, మొదటి గ్రామీ ఇచ్చింది ఛాంబర్ మ్యూజిక్, అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో చిన్న బృందాలు వాయించే విభాగంలో. 2025లో చంద్రికా టాండన్ గారి మంత్రాల ఆల్బమ్‌కు ఇచ్చింది న్యూ ఏజ్, యాంబియెంట్ ఆర్ చాంట్ అనే విభాగంలో. ఖాళీ ఉన్న చోట సర్దేశారన్నమాట. పోనీ, వాళ్ళది పరాయి ఊరు అనుకుందాం.

మరి ఇక్కడ అమెరికాలో, మన ఊరి తెలుగు సంఘంలో మనం చేసిందేమిటి? మొన్నటి ఉగాది సంబరాలకు వచ్చినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, కానీ వచ్చినవాళ్ళలో చాలామంది ఆరు తర్వాతే వచ్చారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

మన వీణ టీచర్ గారు మీ అందరికీ తెలుసు, ఆమెకు ఇష్టం ఉండదు కాబట్టి పేరు రాయను. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళ బేస్‌మెంట్‌లో మన పిల్లలకు సరళీ వరుసల దగ్గర్నుంచి నేర్పుతున్నారు. కార్యక్రమం షీట్‌లో ఆమె కచేరీ సాయంత్రం ఆరున్నరకు అని వేశారు. ముందురోజు రాత్రి మెసేజ్ వచ్చింది, మూడున్నరకు మార్చామని. మూడున్నరకు హాల్లో ఎవరుంటారు? భోజనాలు అప్పుడే అయ్యాయి, సగం మంది కెఫెటేరియాలో, ఇంకో సగం పార్కింగ్ లాట్‌లో. ముందు వరుసలో నేను, ఇద్దరు తాతగార్లు, టీచర్ గారి శిష్యురాళ్ళ అమ్మలు, మీద రిజర్వుడ్ కాగితాలు అంటించిన కుర్చీలు.

ఆమె వేదిక మీద కూర్చుని వీణ మీదికి వంగి శ్రుతి చూసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే వెనకాల రాత్రి షో కోసం వచ్చిన బ్యాండ్ కుర్రాడు డ్రమ్స్ సెట్ చేసుకుంటున్నాడు. ఢమ్ అన్నప్పుడల్లా ఆమె చెయ్యి బిరడ మీద ఆగిపోయేది. ఆ మోత తగ్గేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవారు. అలా అయిదారు సార్లు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. మృదంగం వాయించే ఆయన బాల్టిమోర్ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చారు. కల్యాణి ఆలాపన మొదలై రాగం ఒక రూపానికి వస్తోంది అనుకునేలోపు మన యాంకర్ అమ్మాయి పక్కకొచ్చి, మైక్ చేత్తో మూసి, "ఆంటీ, రెండు నిమిషాల్లో ముగించెయ్యండి ప్లీజ్" అంది. మైక్ సరిగ్గా మూసుకోలేదు, అందరికీ వినిపించింది. ఆమె తలూపి, కృతి ఎత్తుకుని, పల్లవి, అనుపల్లవి వాయించి నమస్కారం పెట్టేశారు. మృదంగం ఆయన ఒక్కడే వాయించే తని ఆవర్తనం మాట దేవుడెరుగు, చెయ్యి వేడెక్కకుండానే సంచీ సర్దుకున్నారు.

సాయంత్రం ఆరున్నరకు, ఆమె వాయించాల్సిన సమయంలో, సన్మానాలు మొదలయ్యాయి. ప్లాటినం, గోల్డ్, సిల్వర్ స్పాన్సర్లకు, వరసగా. శాలువా, షీల్డు, ఫోటో, మళ్ళీ కుటుంబంతో ఫోటో. గంటకు ఏమాత్రం తక్కువ లేదు. అందులో కొత్తగా ఈ ఏడాది పెట్టిన సంగీత సేవా పురస్కారం ఒకటి. అది డీజే ఖర్చు భరించిన రియల్ ఎస్టేట్ ఆయనకు వెళ్ళింది. ఆయన మంచివాడు, అడిగితే కాదనడు, నాకు ఆయన మీద ఏ కోపమూ లేదు. కానీ ఆ పురస్కారం ఇస్తూ యాంకర్, "నాటు నాటు పాటకు గ్రామీ వచ్చినప్పుడు మనమెంత గర్వపడ్డాం" అంది, హాలంతా చప్పట్లు. ఆ పాటకు 2023లో వచ్చింది గోల్డెన్ గ్లోబ్, ఆస్కార్. కీరవాణి గారు, చంద్రబోస్ గారు ఆస్కార్ వేదిక మీద నిలబడితే ఇక్కడ మన ఇళ్ళలో స్వీట్లు పంచుకున్నాం, అప్పుడే మర్చిపోయామా?

గ్రామీల్లో మన తెలుగువాడి జాడ కావాలంటే అది ఇంకో చోట ఉంది. శక్తికి అవార్డు వచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది మాండలిన్ శ్రీనివాస్. పాలకొల్లు కుర్రాడు, రిమెంబర్ శక్తి పేరుతో అదే బృందం తిరిగినప్పుడు గిటారిస్ట్ జాన్ మెక్లాఫ్లిన్ పక్కన కూర్చుని కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండలిన్ మీద పలికించినవాడు. 2014లో 45 ఏళ్ళకే పోయాడు. ఆయన మన గోదావరి జిల్లా మనిషని మన పిల్లలకు ఎవరు చెప్పారు? చెప్పాలంటే వాళ్ళు కూర్చుని వినే ఒక అరగంట ఉండాలి కదా.

కమిటీలో ఒక తమ్ముణ్ణి అడిగాను. "ఏం చేస్తాం అక్కా, శాస్త్రీయం పెడితే జనం లేచి వెళ్ళిపోతారు, స్పాన్సర్లు లేకపోతే హాలు అద్దె ఎవరు కడతారు" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. ఆఫీసు అయ్యాక అర్ధరాత్రి దాకా జూమ్ కాల్స్‌లో కూర్చుని, పులిహోర దగ్గర్నుంచి పార్కింగ్ దాకా చూసుకునేది వాళ్ళే. మనలాంటివాళ్ళం తిని వచ్చి వ్యాసాలు రాస్తాం. మనవాళ్ళు కచేరీలో మాట్లాడుకుంటారనీ నేను బాధపడను. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిళ్ళలో పిల్లలు పరిగెడుతూనే ఉండేవాళ్ళు, వెనక ఆడవాళ్ళు చీరల సంగతులు మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు, పాటలో మంచి సంగతి పడితే అందరి తలలూ ఒక్కసారే అటు తిరిగేవి. మున్సిపల్ ఛైర్మన్ వస్తే దండ వెయ్యడానికి కచేరీ ఆపిన రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు. కానీ దండ వేశాక ఆయన కూర్చునేవాడు, విద్వాంసుడు మళ్ళీ ఎత్తుకునేవాడు, అర్ధరాత్రి దాకా సాగేది. మనం ఇక్కడికి తెచ్చుకున్నది దండను మాత్రమే.

గ్రామీని ఎంత తిట్టుకున్నా ఒక విషయంలో మనకన్నా నయం. అక్కడ ఓటు వేసేది పాటగాళ్ళు, వాద్యకారులు, రికార్డింగ్ ఇంజినీర్లు, అంటే ఆ పని చేసేవాళ్ళు. నామినేషన్లకు ఒక విడత, విజేతలకు ఒక విడత. అమ్మకాలు చూసి వెయ్యొద్దు, నాణ్యత చూసి వెయ్యండని వాళ్ళకు చెప్తారు. అందరూ పాటిస్తారని కాదు, వాళ్ళ గొడవలు వాళ్ళకున్నాయి. కానీ చెక్కు రాసినవాళ్ళకు గ్రామఫోన్ బొమ్మ ఇవ్వరు. మధ్యాహ్నం గెలిచినవాడు కూడా మైక్ ముందు నిలబడి తన గురువు పేరు చెప్పుకుని దిగుతాడు. మన వీణ టీచర్ గారికి ఆ మైక్ కూడా దొరకలేదు.

అందుకని కమిటీ అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్ళూ, స్పాన్సర్లను తీసెయ్యమని అడగడం లేదు. వాళ్ళ సన్మానాలు మూడున్నరకు పెట్టమనీ అనను, పెడితే మాత్రం చూడాలని ఉంది. దీపావళి షెడ్యూలు ఇంకా ఖరారు కాలేదని విన్నాను. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా ఒక్క అరగంట సంగీతానికి రాసిపెట్టండి. ఆ అరగంటలో వెనకాల డ్రమ్స్ బిగించొద్దు, ముందు ఎవరికీ శాలువా కప్పొద్దు. పక్కవాద్యం వాళ్ళకు గ్యాస్ డబ్బులూ, గౌరవంగా ఒక కవరూ ఇవ్వండి. సంగీత పురస్కారం ఉంచదలుచుకుంటే ఎవరికివ్వాలో మన ఊళ్ళో సంగీతం నేర్పే నలుగురైదుగురిని కూర్చోబెట్టి వాళ్ళనే అడగండి. ఆ అరగంటకూ స్పాన్సర్ కావాలంటే మేము, మా వీధిలో ఇంకో రెండు కుటుంబాలు సిద్ధం, మా పేర్లు తెర మీద వెయ్యక్కర్లేదు, షీట్ లాక్ చేసేలోపు ఫోన్ చెయ్యండి చాలు.