అచ్చమైన పురాతన మోర్స్ కీ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

"మార్కోని, లండన్, 1912" అని ఒంటి మీద చెక్కించుకుని, ఎర్ర మఖమల్ పరిచిన పెట్టెలో పవళించి అమ్మకానికి వేంచేసిన తమరికి, అంటే చుక్కలూ గీతలుగా సందేశాలు పంపే మీటకి, నమస్కారం. మార్కోని రేడియో ఉన్న టైటానిక్ ఓడ మునిగిన ఏడాదే తమరూ పుట్టడం కాకతాళీయమే అనుకుందాం. మరి పీఠానికి ఆ ప్లస్ తల స్క్రూలేమిటి? అవి బజారులోకి వచ్చిందే 1930లలో. మరమ్మతులో మార్చారంటారా, సరే, వదిలేద్దాం.

మల్టీమీటరును బజర్‌లో (కరెంటుకి దారి ఉంటే కూసే అమరికలో) పెట్టి, ఒక ప్రోబు మీ మీటకీ, ఇంకోటి కింది కాంటాక్టుకీ ఆనిద్దాం. మీట పైనుంటే మౌనం, నొక్కితే కూత. మోర్స్ కీ ఉద్యోగమంతా అంతే. తమరేమో చెయ్యి వెయ్యకముందే కూస్తున్నారు! కింది కాంటాక్టును నేరుగా ఇత్తడి పీఠంలోకే బిగించేశారు. మధ్యలో కరెంటును ఆపే ఎబొనైట్ (గట్టి నల్ల రబ్బరు) బుష్ లేదు, ఫైబర్ వాషరూ లేదు. అంటే మీకొచ్చిన మోర్స్ ఒక్కటే గీత, బ్యాటరీ అయిపోయేదాకా.

అమెరికన్ లైను కీలనైతే ఇంత తొందరపడి అనం. వాటి పక్కన చిన్న స్విచ్ ఉంటుంది. పని లేనప్పుడు దాన్ని మూసి ఉంచకపోతే లైను మొత్తం మూగబోయే పద్ధతి వాళ్లది. అది తెరిచాకే కొలవాలి. మీకా స్విచ్చూ లేదు. పోనీ నాది ఓడ కాదు, బ్రిటిష్ తంతి ఆఫీసు అని మాట మారుస్తారా? అక్కడి కీకి మామూలుగా మూడు టెర్మినళ్లు: మధ్యది లైనుకి, ముందుది బ్యాటరీకి, వెనకది అవతలివాళ్లు పంపేది వినే పరికరానికి. మీకు రెండే. వినే అలవాటు లేని వంశం కాబోలు.

మీట సంగతి మరీ ఘోరం. అసలు కీలో మీటను రెండు పక్కలా మొన తేలిన స్క్రూలు పట్టుకుంటాయి, వాటికి లాక్ నట్లు. మీకేమో వదులు రంధ్రంలో ఓ మేకు. నొక్కితే మీట పక్కకి ఒరిగి, పై కాంటాక్టు కింది దాని అంచు మీద పడుతోంది. ఆ కొసల్లో వెండి గానీ ప్లాటినం గానీ ఉండాలి, మీవి ఇత్తడి మీద ఇత్తడి. స్క్రూ కొలిస్తే 5 మిల్లీమీటర్లు; పాత బ్రిటిష్ స్క్రూ సైజు 2 బీఏ అయితే 4.7 రావాలి. వేళ్లతో పట్టుకునే నాబ్‌ను గట్టిగా రుద్దితే ఎబొనైట్‌కి దీపావళి మందు లాంటి గంధకం వాసన వస్తుంది. మీ నాబ్‌కి వార్నిష్ వాసన.

నిజమైన పెద్దలు ఇంత గొప్పలు పోరు. అమెరికాలో కీలు చేసిన బన్నెల్ వారి ఉక్కు మీట మీద "ఫిబ్రవరి 15, 1881" అని ఉంటుంది, అది పేటెంటు తేదీ. ఆ తర్వాత దశాబ్దాల పాటు తయారైనా అదే ముద్ర. దాన్నే పుట్టినరోజు చేసి ధర పెంచేవాళ్లది వేరే కథ. ఇక చింతపండేసి తళతళా తోమేవాళ్లకి దండం. పులుపు సందుల్లో ఇంకి పచ్చ చిలుము పట్టిస్తుంది, వందేళ్ల రంగు ఒక్క పూటలో పోతుంది. కాంటాక్టుకి తెల్లకాగితం ముక్క పెట్టి లాగితే చాలు, గరుకు కాగితం వద్దు.

తమరికీ దారుంది. కింది రంధ్రం కాస్త పెద్దది చేసి నైలాన్ బుష్, పైనా కిందా ఫైబర్ వాషర్లు వేసి, వైరు విడిగా తీసి, గ్యాపు విజిటింగ్ కార్డు మందానికి సర్దితే, మోర్స్ నేర్చుకునే పిల్లలకి పనికొస్తారు. వచ్చేముందు ఆ 1912 గీకించుకుని రండి.

ఇట్లు,
మల్టీమీటరు పట్టుకున్నవాళ్లు