30 రోజుల్లో ఏ విద్యైనా వస్తుందా? ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ నెల మూడోసారి వచ్చింది ఆ ఫార్వర్డ్. ఈసారి వెనక వేణువు మ్యూజిక్‌తో వీడియో కూడా. సారాంశం ఇది: ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని సైన్సు తేల్చింది. రోజుకు 20 నిమిషాల చొప్పున 30 రోజులు కూర్చుంటే ఏ విద్యైనా పట్టుబడుతుంది. మధ్యలో ఒక్క రోజు తప్పినా లెక్క మళ్లీ ఒకటి నుంచే. గూగుల్ ఇంజినీరు ఒకాయన ఇలాగే నెలలో రచయిత అయ్యాడు. మన పెద్దలు ఈ రహస్యాన్నే మండల దీక్షలో దాచారు. గ్రూపులో కాదంటే అది పార్కింగ్ గొడవ దాకా పోతుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ 21 సంగతి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పుస్తకం రాశాడు. ఆపరేషన్ అయ్యాక రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని అందులో అన్నాడు. అది ప్రయోగం కాదు, డాక్టరు గారు తన దగ్గరికొచ్చిన వాళ్లలో గమనించిన విషయం. చేతులు మారేకొద్దీ 'కనీసం' అన్న మాట రాలిపోయింది. ముక్కు ఆపరేషన్ కాస్తా గిటారు, జిమ్ము, ధ్యానం అయిపోయింది. నిజంగా కొలిచి చూసింది లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం. 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ఫలితాలు అచ్చు వేశారు. పని అలవాటుగా కుదురుకోవడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా. అవి కూడా భోజనంతో పాటు పండు తినడం లాంటి పనులు, వయొలిన్ కాదు.

అసలు అలవాటు వేరు, విద్య వేరు. పదిహేనేళ్లుగా రోజూ పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద కారు నడుపుతున్నాను. సెల్లార్‌లో రివర్స్ తీయాలంటే ఇప్పటికీ టెన్షనే.

ఒక్క రోజు తప్పితే సున్నా అనేది ఈ ఫార్వర్డ్‌లో నాకు ఎక్కువ కోపం తెప్పించే మాట. ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినదని పైన చెప్పిన అధ్యయనంలోనే ఉంది. మా ఆఫీసులో ఒకబ్బాయి పన్నెండు రోజులు గిటారు వాయించాడు. రిలీజ్ పని మీద పడి రెండు రాత్రులు తప్పింది. "మళ్లీ మొదటి నుంచా, నా వల్ల కాదన్నా" అని బీరువా మీద పెట్టేశాడు. ఆ గిటారును ఆపింది బద్ధకం కాదు, ఈ రూలు.

ఇక మండల దీక్ష. మా బాబాయి ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. 41 రోజులు కాళ్లకు చెప్పులుండవు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, సిగరెట్ ముట్టడు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం చూడాలి ఆయన్ని, వీధి చివర చాయ్ బండి దగ్గర, నోట్లో సిగరెట్‌తో. 21కి దాదాపు రెట్టింపు రోజులు గడిచాయి కదా, మరి అలవాటు ఏమైంది? మెడలో మాల, ఒంటి మీద నల్లబట్టలు, 'స్వామీ' అని పిలిచే చుట్టుపక్కలవాళ్లు, ఇవన్నీ కలిసి ఆయన్ని నిలబెట్టాయి. అవి పోగానే పాత మనిషి వచ్చేశాడు. దీక్ష మొక్కు కోసం పుట్టింది. దాన్ని తెచ్చి జిమ్ము ప్రచారానికి వాడటం అన్యాయం.

గూగుల్ ఇంజినీరు మాట క్లుప్తంగా. ఆయన మాట్ కట్స్, 2011లో టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద ఈ 30 రోజుల సంగతి చెప్పాడు. నెలలో 50,000 పదాల నవల రాసిన మాట నిజమే. అది చెత్తగా వచ్చిందని నవ్వుతూ ఒప్పుకున్నదీ ఆయనే. ఫార్వర్డ్‌లో ఆ ముక్క లేదు.

మిగిలింది 20 నిమిషాల లెక్క. దీన్ని నేనే చేసి చూశాను. పాతబస్తీ బోర్డులు చదవాలని ఎన్నాళ్లదో కోరిక. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చిన్నపిల్లలు అక్షరాలు దిద్దే ఉర్దూ ఖాయిదా కొని, రోజూ రాత్రి భోజనాలయ్యాక కూర్చున్నాను. నెలంతా కలిపితే 600 నిమిషాలు, అంటే 10 గంటలు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు ఉర్దూ గానీ, మన తెలుగు గానీ నేర్పాలంటే దాదాపు 44 వారాలు, 1100 గంటల క్లాసులు పెట్టుకుంటుంది. వాళ్లకు మనలా రోజూ దక్కనీ, అంటే మన హైదరాబాదీ ఉర్దూ, చెవిన పడదు, నిజమే. అయినా 10 ఎక్కడ, 1100 ఎక్కడ!

ఆ 10 గంటలు ఊరికే పోలేదు. ఉర్దూలో హైదరాబాద్ అన్న పేరు చూడండి, ఎనిమిది అక్షరాలు, ఐదు ముక్కలు. దాల్ (ద), రే (ర), అలిఫ్ (ఆ) తమ తర్వాతి అక్షరంతో చెయ్యి కలపవు, అందుకే మాట మధ్యమధ్యలో తెగుతుంది. ఇది తెలిసిన రోజు నాంపల్లిలో ఒక బోర్డు కింద నిలబడి ఒక్కడినే నవ్వుకున్నాను. ఈ సరదా నాకు పడుతుందా లేదా తేల్చుకోవడానికి నెల చక్కగా సరిపోయింది. అంతవరకు ఒప్పుకుంటాను.

30వ రోజుకి చాయ్, బిర్యానీ, ముబారక్ గడగడా చదువుతున్నాను. కాస్త ఆగి చూస్తే అది చదవడం కాదు, గుర్తుపట్టడం. ఉర్దూలో అ, ఇ, ఉ లాంటి పొట్టి అచ్చులు మామూలుగా రాయరు. 'ముబారక్'లో కాగితం మీద ఉండేవి మీమ్, బే, అలిఫ్, రే, కాఫ్. మాట ముందే తెలుసు కాబట్టి 'ము' నా నోటికి వచ్చింది. తెలియని మాట ఎదురైతే బండి ఆగింది.

పైగా సవాలు పూర్తయిందని మూడు వారాలు ఖాయిదా ముట్టలేదు. 'స'కు మూడు అక్షరాలు, 'జాఫ్రాన్'లోని 'జ'కు నాలుగు, అన్నీ కలగాపులగం అయ్యాయి. మరుపు మొదట్లోనే జోరుగా ఉంటుందనీ, ఎడం ఇస్తూ మళ్లీ మళ్లీ చూసుకున్నదే నిలుస్తుందనీ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చెప్పాడు. ఆ 600 నిమిషాలనే మూడు నెలలకు పరిచి ఉంటే ఎక్కువ మిగిలేది.

మళ్లీ మొదలుపెట్టాక ఒక శనివారం ఛత్తా బజార్ వెళ్లాను, పెళ్లికార్డులు అచ్చేసే వీధి. ఒక బోర్డు మీద ఖే, తోయ్, అలిఫ్, తోయ్, యే కనబడితే గట్టిగా "ఖతాతీ" అన్నాను. లోపలి పెద్దాయన తలెత్తి "ఖత్తాతీ, బేటా" అన్నారు. అందంగా రాసే విద్య అట. ఒత్తు ఉందని ఎలా తెలుస్తుందని అడిగితే, చిత్తుకాగితం మీద తోయ్ పైన ఇంగ్లీషు w లాంటి చిన్న గుర్తు గీసి, ఇది పిల్లల పుస్తకాల్లోనే పెడతారని చెప్పారు. తర్వాత నా నోట్‌బుక్ తీసుకుని నాలుగు పేజీలు తిప్పి, 'స'కున్న మూడు అక్షరాల్లో ఒకటైన స్వాద్‌కు అన్నిచోట్లా పన్నులా పొడుచుకొచ్చే చిన్న గీత మర్చిపోయానని చూపించారు.