‘ముందు పంపేద్దాం, తర్వాత చూసుకుందాం’ అనే అలవాటు గారికి

మహారాజశ్రీ అలవాటు గారికి నమస్కరించి వ్రాయునది.

తమరు మొబైల్ యాప్‌లతో పాటు నిన్న మొన్న పుట్టారని గిట్టనివారు ప్రచారం చేస్తున్నారు. తమ వంశం ఏనాడో కక్ష్యకెక్కిందని పాపం వారికి తెలియదు. 1983 జూన్‌లో ఏరియాన్ రాకెట్‌పై వెళ్లిన ఆస్కార్-10 అనే అమెచ్యూర్ రేడియో (సరదాకు రేడియో నడిపేవారి) ఉపగ్రహపు కంప్యూటర్‌లో రోమ్ (ప్రోగ్రామును శాశ్వతంగా దాచి ఉంచే మెమరీ) అన్నదే లేదు. ఉన్నదల్లా ‘1802’ అనే ప్రాసెసర్, 16 కిలోబైట్ల మెమరీ. అది చేయవలసిన పనినంతా జర్మనీ రేడియో నిపుణుడు కార్ల్ మైన్‌ట్సర్ రూపొందించిన ఐపీఎస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, నేల మీది నుంచి రేడియో ద్వారా ఎక్కించవలసిందే. తమ సిద్ధాంతానికి ఇంతకంటె నిష్ఠగల భక్తులు దొరకరు. కాకపోతే వారు బైటు బైటుకూ లెక్క చూసుకునేవారు. ఆ పాడు గుణం తమరికి వారసత్వంగా రాలేదు.

అంతకుముందే, 1981 అక్టోబరు 6న, బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయం వారి ఉపగ్రహం యూవోశాట్-1 అదే ప్రాసెసర్‌తో, అంతే మెమరీతో వెళ్లింది. ఎగిరాక కూడా ప్రోగ్రాము మార్చుకోవచ్చుననేదే దాని ఘనత. 1982 ఏప్రిల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల దాని 145, 435 మెగాహెర్ట్జ్ బీకన్లు (నేలకు సంకేతాలు పంపే ప్రసారిణులు) రెండూ ఒకేసారి ప్రసారం మొదలుపెట్టాయి. ఆపమని ఆదేశం పంపుదామంటే, ఆ ఆదేశం వినవలసిన రిసీవర్లు ఆ ప్రసారాల హోరులోనే చెవిటివైపోయాయి. పెళ్లిపందిట్లో బ్యాండుమేళం పక్కన కూర్చున్న పెద్దాయనతో ‘కాస్త ఆపించండి’ అని చెప్పబోయినవారికి ఆ అవస్థ తెలుస్తుంది. చివరికి కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ వద్ద ఉన్న 46 మీటర్ల డిష్ యాంటెన్నాను బతిమాలి తెచ్చుకుని, దాని ద్వారా అరిస్తే గాని సెప్టెంబరులో ఆ ఉపగ్రహం మాట వినలేదు.

వారికి సాకు ఉంది మహాశయా: పైకెక్కి మూత విప్పి చూసే వీలు లేదు. పైగా తప్పు జరిగినన్నాళ్లూ అది రెండు ఫ్రీక్వెన్సీల మీద లోకమంతటికీ వినిపిస్తూనే ఉంది. తమ నేటి శిష్యులకు విడుదలకు ముందే పరీక్షించుకునే వీలుంది, తీరికే లేదు. తప్పు బయటపడితే ‘చిన్న చిన్న దోషాలను సవరించి, పనితీరును మెరుగుపరిచాము’ అనే ఒక్క వాక్యంతో, ఏ దోషమో పొరపాటున కూడా చెప్పకుండా, చేతులు దులుపుకుంటారు.

కాబట్టి నా మనవి ఒక్కటే. తరువాతి అప్‌డేట్‌లోనైనా ఏది చెడిందో, ఏది బాగుచేశారో పేరు పెట్టి రాయవలసిందిగా తమ శిష్యులకు సెలవివ్వగలరు.

ఇట్లు,
డౌన్‌లోడ్ 43 శాతం దగ్గర నిలిచిపోయిన
తమ విధేయుడు