చెప్పకుండా చేసిన మేలు

ఇంజనీరింగ్ పిల్లలకు వృత్తి నీతి నేర్పాల్సి వచ్చినప్పుడల్లా మాస్టార్లు న్యూయార్క్‌లోని సిటీకార్ప్ సెంటర్ అనే బ్యాంకు భవనం కథ ఎత్తుకుంటారు. డిజైన్‌లో లోపం ఉందని ఇంజనీరే గ్రహించాడు, తానే ఒప్పుకున్నాడు, దగ్గరుండి సరిచేయించాడు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆహా! ఎంత గొప్ప నీతి! ఆ నీతి ఎలా నడిచిందో మనం కూడా భక్తిశ్రద్ధలతో తెలుసుకుందాం.

మాన్‌హటన్‌లో బ్యాంకు కట్టదలచిన స్థలంలో ఒక మూల సెయింట్ పీటర్స్ చర్చి ఉండేది. అదే మూలన కొత్త చర్చి కట్టివ్వాలని చర్చి వాళ్ళ షరతు. దాంతో ఇంజనీరు విలియం లెమెజర్ స్తంభాలను మూలల్లోంచి తీసి నాలుగు వైపుల మధ్యకు జరిపాడు. తొమ్మిది అంతస్తుల ఎత్తున్న ఆ కాళ్ళ మీద 59 అంతస్తుల భవనం 1977లో సిద్ధమైంది. వెల్డింగ్ చేయాల్సిన జాయింట్లను ఖర్చు తగ్గుతుందని బోల్టులతో బిగించారు. 1978లో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న వల్ల ఇంజనీరు మళ్ళీ లెక్కలు తీస్తే, ఏటవాలుగా కొట్టే గాలికి ఆ బోల్టులు ఆగవని తేలింది. ఊగకుండా పైన పెట్టిన 400 టన్నుల కాంక్రీటు దిమ్మ ఉంది కదా అంటారా, అది కరెంటు మీద నడుస్తుంది. తుపానులో కరెంటు పోతే, సగటున 16 ఏళ్ళకోసారి వచ్చే గాలి చాలు, భవనం కూలడానికి.

పదహారేళ్ళా? దానికి జనాన్ని కంగారు పెట్టడం ఎందుకు!

అందుకని ఎంతో మర్యాదగా రాత్రిపూట పని పెట్టుకున్నారు. ఆఫీసు ఖాళీ కాగానే వడ్రంగులు వచ్చి జాయింటు చుట్టూ ప్లైవుడ్ గది కడతారు. తర్వాత వెల్డర్లు వచ్చి రెండంగుళాల మందం ఉక్కు పలకలు అతికిస్తారు. అలాంటి జాయింట్లు 200 పైనే. తెల్లవారుజామున క్లీనింగ్ వాళ్ళు వచ్చి నుసి ఊడ్చి, తివాచీ దులిపి, కుర్చీలు సర్దిపెడతారు. పొద్దున్నే సెక్రటరీ వస్తుంది, బ్యాగు సొరుగులో పెడుతుంది, టైపు మిషన్ మీది గుడ్డ తీస్తుంది. వెనక గోడలో రాత్రి వేసిన అతుకు ఉంది, పక్క గోడలో ఇంకా వేయని అతుకు ఉంది. పాపం ఆమె ఏకాగ్రత చెడకూడదు కదా!

అదృష్టం కూడా నీతిమంతుల పక్షమే. సరిగ్గా ఆ ఆగస్టులోనే న్యూయార్క్ పత్రికలు సమ్మెలోకి వెళ్ళాయి. అడిగేవాడు లేడు. సెప్టెంబరు మొదట్లో ఎల్లా అనే హరికేన్ అటువైపు వచ్చింది, ఏమనుకుందో ఏమో సముద్రంలోకి మళ్ళిపోయింది. ఈ కథలో జనం గురించి ఆలోచించింది ఆ తుపాను ఒక్కటే.

రెడ్‌క్రాస్‌కు తెలుసు. చుట్టుపక్కల వీధులు ఖాళీ చేయించే ప్లాను కాగితం మీద రాసుకున్నారు. నగర అధికారులకు తెలుసు. వాతావరణ నిపుణులకు తెలుసు. కూలితే దాని కింద పడి చచ్చేవాడికి తప్ప అందరికీ తెలుసు! చెబితే జనం భయపడతారట. భయపడనివ్వండయ్యా, వాళ్ళ ప్రాణం, వాళ్ళ భయం! లోపల కూర్చోవాలా, ఇంటికి పోవాలా అన్నది వాళ్ళు తేల్చుకోవాల్సిన మాట. వాళ్ళనడక్కుండా వాళ్ళ ప్రాణాలను పందెం కాయడానికి మీరెవరు? ప్రమాదమేమీ లేదని బయటికి ప్రకటన ఇచ్చి, 1995లో ఒక పత్రిక బయటపెట్టేదాకా 17 ఏళ్ళు నోరు మెదపకపోవడాన్ని మా ఊళ్ళో, మీ ఊళ్ళో, ఏ ఊళ్ళోనైనా దాచిపెట్టడమనే అంటారు.

క్షమించండి, కాస్త ఆవేశపడ్డాను. ముగింపు మాత్రం సుఖాంతమే. ఇంజనీరు బీమా కంపెనీ మరమ్మతుల కింద 20 లక్షల డాలర్లు కట్టింది. పెద్ద నష్టం తప్పించాడని మెచ్చుకుని ఆయన ప్రీమియం తగ్గించింది కూడా. ఆ సెక్రటరీకి జీతం పెంచినట్టు మాత్రం ఎక్కడా వినలేదు.