సౌత్‌గేట్‌కు రెండు ఖాతాలు

2024 జూన్ 25, జర్మనీలోని కొలోన్ మైదానం. యూరో కప్ ఫుట్‌బాల్‌లో స్లొవేనియాతో మ్యాచ్ 0-0గా ముగిసింది. ఆట చప్పగా సాగినా ఇంగ్లండ్ గ్రూపులో అగ్రస్థానంతోనే నాకౌట్‌కు చేరింది. కోచ్ గారెత్ సౌత్‌గేట్ తమ అభిమానులున్న స్టాండ్ దగ్గరికి నడిచి వెళ్లి చప్పట్లు కొట్టాడు. బదులుగా పైనుంచి ప్లాస్టిక్ గ్లాసులు వచ్చి పడ్డాయి. సరిగ్గా 19 రోజులకు అదే మనిషి అదే జట్టును బెర్లిన్‌లో ఫైనల్ ఆడించాడు. స్పెయిన్ చేతిలో 2-1తో ఓడిపోయాక రెండో రోజే రాజీనామా చేశాడు. మరికొన్ని నెలలకు, 2025 కొత్త సంవత్సరపు పురస్కారాల్లో ఆయన ‘సర్’ గారెత్ అయ్యాడు.

గ్లాసుల నుంచి నైట్‌హుడ్ దాకా వచ్చిన ఈ మార్పును పశ్చాత్తాపం అనుకుంటే పొరపాటే. ఇంగ్లండ్ అభిమానులు సౌత్‌గేట్‌ను కొత్తగా అంచనా వేయడం అది మొదటిసారేమీ కాదు. ఆయన పేరు మీద వాళ్ల దగ్గర రెండు ఖాతాలున్నాయి. ఒకటి ఆటగాడిది, ఒకటి కోచ్‌ది. గెలిచినప్పుడల్లా కోచ్ లాభాన్ని ఆటగాడి అప్పుకు జమ వేశారు. ఓడినప్పుడల్లా ఆ పాత అప్పునే మళ్లీ బయటికి తీశారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ అప్పు పుట్టింది 1996 జూన్ 26న. లండన్‌లోని వెంబ్లీ మైదానంలో జర్మనీతో యూరో సెమీఫైనల్. స్కోరు 1-1, విజేతను తేల్చే పెనాల్టీల షూటౌట్‌లో ఇరువైపులా ఐదుకు ఐదూ పడ్డాయి. ఆరో పెనాల్టీకి సౌత్‌గేట్ ముందుకొచ్చాడు. పాతికేళ్ల డిఫెండర్. అంతకుముందు క్లబ్ మ్యాచ్‌లో ఒకే ఒక్క పెనాల్టీ తన్నాడు, అదీ పోస్టుకు తగిలింది. ఈసారి నేలబారుగా, పెద్దగా జోరు లేకుండా వెళ్లిన బంతిని జర్మనీ గోల్‌కీపర్ కోప్కే ఆపేశాడు. వెంటనే జర్మనీ ఆటగాడు మోలర్ గోల్ కొట్టి కథ ముగించాడు. ‘గట్టిగా తన్నేయకపోయావా!’ అని కన్నతల్లే అడిగిందంటే బయటివాళ్ల సంగతి చెప్పాలా? అదే ఏడాది ఒక పిజ్జా ప్రకటనలో తలకు కాగితపు సంచి తగిలించుకుని కనిపించాడు. తన పరాజయం మీద తనే జోకు వేసుకోవాల్సి రావడం ఎంత ఇబ్బందో ఆ ప్రకటన ఇప్పుడు చూసినా తెలుస్తుంది.

కోచ్‌గా మొదలైన తీరూ గొప్పగా లేదు. ఆయన చేతిలో ఉండగానే 2009లో మిడిల్స్‌బ్రో ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కు జారింది, కొన్ని నెలలకే ఉద్యోగం పోయింది. 2013 నుంచి అండర్-21 జట్టు చూసుకున్నాడు. 2016లో కోచ్ శామ్ అలార్డైస్ ఒక్క మ్యాచ్‌కే తప్పుకోవడంతో ఇంగ్లండ్ కుర్చీ అనుకోకుండా ఖాళీ అయి, ముందు తాత్కాలికంగా, ఆ తర్వాత పూర్తిగా ఆయనకు దక్కింది.

అక్కడ ఆయన చేసిన మొదటి మంచి పని, తన పాత గాయాన్ని పని సమస్యగా చూడటం. అప్పటికి ఇంగ్లండ్ పెద్ద టోర్నీల్లో ఏడు షూటౌట్లు ఆడి ఒక్కటే గెలిచింది. పెనాల్టీలంటే లాటరీ, ప్రాక్టీసు చేసి లాభం లేదనే మాట ఆ దేశంలో వేదవాక్కులా చెలామణీ అయింది. 1998 ప్రపంచకప్‌లో చివరి పెనాల్టీ తన్నిన డేవిడ్ బాటీకి అంతకుముందు ఒక్కటి కూడా తన్నిన అనుభవం లేదంటే ఆ నమ్మకం ఎంత దూరం పోయిందో ఊహించుకోవచ్చు. సౌత్‌గేట్ బృందం 2018 ప్రపంచకప్‌కు కొన్ని నెలల ముందే దీని మీద కూర్చుంది. రెఫరీ ఈల వేయగానే, ఆ గండం ఎప్పుడు గడుస్తుందా అన్నట్టు ఇంగ్లండ్ ఆటగాళ్లు తొందరపడి తన్నేస్తున్నారని గమనించింది. ఆగి ఊపిరి తీసుకోవడం, సెంటర్ సర్కిల్ నుంచి బంతి దాకా ఒంటరిగా నడవడం, గోల్‌కీపరే బంతి తెచ్చి సహచరుడి చేతికివ్వడం... అన్నీ సాధన చేయించారు. జులై 3న మాస్కోలో కొలంబియాపై హెండర్సన్ విఫలమైనా జట్టు చెదరలేదు. ఎరిక్ డయర్ ఆఖరి పెనాల్టీ కొట్టాడు. ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ షూటౌట్ గెలవడం అదే తొలిసారి. అందరూ గంతులేస్తుంటే సౌత్‌గేట్ వెళ్లి, పెనాల్టీని క్రాస్‌బార్‌కు కొట్టిన కొలంబియా ఆటగాడు ఉరీబేను దగ్గరికి తీసుకున్నాడు.

ఆ ఫొటోతో అభిమానులు 1996ను మాఫీ చేసేశారు. నా దృష్టిలో గందరగోళానికి అసలు మూలం అదే. సౌత్‌గేట్‌కు దక్కాల్సింది క్షమ కాదు, కోచ్‌గా మార్కులు. ఆ మార్కులు తక్కువేమీ కావు. 1970 నుంచి 2016 వరకు 46 ఏళ్లలో ప్రపంచకప్, యూరో ప్రధాన టోర్నీలన్నీ కలిపి ఇంగ్లండ్ గెలిచిన నాకౌట్ మ్యాచ్‌లు షూటౌట్లతో సహా ఆరు. సౌత్‌గేట్ ఎనిమిదేళ్లలో తొమ్మిది గెలిచాడు. 1966లో కప్పు తెచ్చిన ఆల్ఫ్ రామ్సే తర్వాత పురుషుల జట్టును ఫైనల్‌కు చేర్చింది ఆయనొక్కడే, అదీ రెండుసార్లు. యూరోను 24 జట్లకు పెంచాక నాకౌట్‌లో ఒక రౌండు పెరిగిందన్నది, కొన్నిసార్లు తేలికైన ప్రత్యర్థులు దొరకడం కలిసొచ్చిందన్నది నిజమే. కానీ అదే 24 జట్ల యూరోలో 2016లో ఐస్‌లాండ్ చేతిలో ఓడి ఇంటికొచ్చిందీ ఈ ఇంగ్లండే కదా!

ఇక విమర్శ దగ్గరికొద్దాం. 2018 సెమీస్‌లో క్రొయేషియాపై ఐదో నిమిషంలో ట్రిపియర్ గోల్. 2021 జులై 11న వెంబ్లీలో యూరో ఫైనల్, ఇటలీపై రెండో నిమిషంలో షా గోల్. రెండుసార్లూ ఆ తర్వాత జట్టు నెమ్మదిగా వెనక్కి జరిగింది. ప్రత్యర్థి మిడ్‌ఫీల్డ్ బంతిని తన దగ్గర పెట్టుకుంది. సమం చేసే గోల్ క్రొయేషియా 68వ నిమిషంలో, ఇటలీ 67వ నిమిషంలో కొట్టాయి. మూడేళ్ల తేడాతో ఒకే సినిమా రెండోసారి చూసినట్టుంది. బెంచీ మీద అంతమంది దాడి చేసే ఆటగాళ్లుండగా కోచ్ సబ్‌స్టిట్యూషన్లకు తటపటాయించాడన్న ఫిర్యాదు ఏ పెనాల్టీ పాత పగ నుంచీ పుట్టలేదు. అది ఆట తెలిసినవాళ్ల ఫిర్యాదు, నైట్‌హుడ్ వచ్చినంత మాత్రాన చెల్లిపోదు.

ఇటలీ మ్యాచ్‌లో ఆయన బలమే బలహీనతగా మారిన క్షణం ఒకటుంది. పెనాల్టీల కోసమే రాష్‌ఫర్డ్‌ను, సాంచోను 120వ నిమిషంలో మైదానంలోకి దించాడు. బంతిని కాలికి సరిగ్గా తాకించే వ్యవధైనా లేకుండా ఇద్దరూ వెళ్లి విఫలమయ్యారు. ఐదో పెనాల్టీ పందొమ్మిదేళ్ల సాకాది, అదీ పోయింది. అదృష్టానికి వదిలేయకూడదనే పట్టుదల మాస్కోలో గెలిపించింది, వెంబ్లీలో కాగితం మీది లెక్కను మైదానం కంటే ఎక్కువ నమ్మేలా చేసింది. ఆ రాత్రి ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ల మీద జాతివివక్ష విషం చిమ్మినప్పుడు, పెనాల్టీ ఎవరు తన్నాలో నిర్ణయించింది నేను, బాధ్యత నాదేనని ఆయన అడ్డుగా నిలబడ్డాడు. ఇలాంటప్పుడు ఒంటరిగా ఉండటమంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఇందుకు చేతులెత్తి దండం పెట్టొచ్చు. సబ్‌స్టిట్యూషన్ మాత్రం తప్పే.

మూడేళ్ల తర్వాత డసెల్‌డార్ఫ్‌లో స్విట్జర్లాండ్‌పై షూటౌట్‌లో ఇంగ్లండ్ ఐదుకు ఐదూ కొట్టింది. మూడోది కొట్టింది సాకా.

అభిమానులు రెండు ఖాతాలనూ కలిపేసినా ఆయన మాత్రం కలపలేదు. 2021 జూన్ 29న అదే వెంబ్లీలో జర్మనీని 2-0తో ఓడించాక స్టేడియం ఊగిపోతోంది. 25 ఏళ్ల లెక్క తేలిపోయిందని అందరూ అంటున్నారు. సౌత్‌గేట్‌కు పెద్ద తెర మీద 1996 నాటి గోల్‌కీపర్ డేవిడ్ సీమన్ కనిపించాడు. ఆనాడు నాతో ఆడినవాళ్లకు జరిగినదాన్ని నేను మార్చలేను, ఆ బాధ ఎప్పటికీ ఉంటుందని మ్యాచ్ అయ్యాక చెప్పాడు.