లాక్ స్క్రీన్ మీద విడ్జెట్ పెడితే తాళం తీసినట్టేనా?

"కొత్త అప్‌డేట్ వేసుకోకండి. వేసుకుంటే మీ మెసేజీలన్నీ లాక్ స్క్రీన్ మీదే అందరికీ కనిపిస్తాయి. కెమెరా గుర్తు నొక్కి ఎవరైనా మీ ఫొటోల్లోకి దూరిపోతారు. ఎప్పుడూ వెలిగే తెర బ్యాటరీని పీల్చేస్తుంది. పాత సాఫ్ట్‌వేరే సురక్షితం." ఫోను సాఫ్ట్‌వేర్ మారిన ప్రతిసారీ ఈ హెచ్చరిక కొద్దిపాటి మార్పులతో మళ్లీ బయలుదేరుతుంది. పంపేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. చెప్పే విషయంలో మాత్రం పస తక్కువ.

మొదట మెసేజీల సంగతి. ఈ భయానికి కారణంగా చూపే లాక్ స్క్రీన్ విడ్జెట్లు, అంటే తాళం తీయకుండానే కాస్త సమాచారం చూపే చిన్న పెట్టెలు, నిన్నమొన్నటి వింత కాదు. ఆండ్రాయిడ్ 4.2లో, అంటే 2012లోనే ఉన్నాయి, 5.0 వచ్చేసరికి తీసేశారు. ఐఫోనులో 2022 సెప్టెంబరులో ఐఓఎస్ 16తో వచ్చాయి. వాతావరణమో, క్యాలెండరో, బ్యాటరీ శాతమో మనం ఎంచుకుని పెట్టుకుంటేనే అక్కడ ఉంటుంది. మెసేజీలోని మాటలు కనిపిస్తున్నాయంటే అది విడ్జెట్ పని కాదు, నోటిఫికేషన్ పని. అది ఈ అప్‌డేట్ల కంటే ఎంతో పాతది. ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్లలో మనం మార్చకపోతే, యజమాని ముఖాన్ని గుర్తుపట్టేదాకా సందేశంలోని మాటలు దాగే ఉంటాయి. అన్ని ఫోన్లూ ఇలా ఉండవు, నిజమే. తాళం వేసి ఉన్నా ఓటీపీతో సహా చూపించే ఫోన్లున్నాయి. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల కింద లాక్ స్క్రీన్‌కు సంబంధించిన వరుస ఒకటి ఉంటుంది. అక్కడ మాటలు దాచమని ఎంచుకుంటే సరిపోతుంది. అప్‌డేట్ వేసుకున్నా, మానుకున్నా చేయవలసిన పని ఇదే.

కెమెరా భయానికి జవాబు మీ చేతిలోనే ఉంది. ఫోను లాక్ చేసి, వేలిముద్ర గానీ ముఖం గానీ చూపకుండా లాక్ స్క్రీన్ నుంచే కెమెరా తెరవండి. ఒక ఫొటో తీసి, మూలన కనిపించే చిన్న బొమ్మను నొక్కండి. ఇప్పుడు తీసిన ఫొటో ఒక్కటే వస్తుంది. పాతవి చూడబోతే ఫోను పాస్‌కోడ్ అడుగుతుంది. ఫోను కొట్టేసినవాడికి దక్కేది తన సెల్ఫీ తాను తీసుకునే అవకాశమే. 2023లో ఆండ్రాయిడ్ 14, 2024లో ఐఓఎస్ 18 లాక్ స్క్రీన్ అడుగున ఉండే బటన్లను మార్చుకునే వీలు కల్పించాయి. బటన్ మార్చినంత మాత్రాన తాళం ఊడిపోదు.

ఆ సందేశం పట్టించుకోనిది ఇంకొకటుంది. ఐఫోనులో తాళం తీయకుండానే కంట్రోల్ సెంటర్‌ను, అంటే వైఫై, ఎయిర్‌ప్లేన్ మోడ్ లాంటి బటన్లుండే పలకను, కిందికి లాగవచ్చు. దొంగ ముందుగా చేసేది ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కి ఫోనును నెట్‌వర్క్ నుంచి తప్పించడమే. ఫేస్ ఐడీ, పాస్‌కోడ్ సెట్టింగ్స్‌లో లాక్‌లో ఉండగా అనుమతించేవాటి జాబితా ఉంటుంది, దీన్ని అక్కడ ఆపేయవచ్చు. భయపెట్టదలచుకుంటే దీని గురించి భయపెట్టి ఉంటే కాస్త మేలు జరిగేది.

బ్యాటరీ ఆరోపణలో పావువంతు నిజముంది. ఎప్పుడూ వెలిగే తెరకు కొంత ఖర్చు తప్పదు. అయితే ఐఫోన్ 14 ప్రోలో ఆ స్థితిలో తెర మసకబారి, సెకనుకు ఒక్కసారి మాత్రమే మారేంత నెమ్మదిస్తుంది, జేబులో పెట్టినా బోర్లించినా ఆరిపోతుంది. నచ్చకపోతే మొత్తంగా ఆపేసుకోవచ్చు. విడ్జెట్లకూ కళ్లెం ఉంది. తరచూ చూసే విడ్జెట్‌కు కూడా రోజుకు మామూలుగా 40 నుంచి 70 సార్లే తాజా సమాచారం తెచ్చుకునే వీలుంటుందని యాపిల్ డెవలపర్లకు చెబుతుంది. అప్‌డేట్ తర్వాత ఒకటి రెండు రోజులు ఛార్జింగ్ త్వరగా దిగిపోతే, లోపల సర్దుబాటు పనులు సాగుతున్నాయనుకోవచ్చు.

ఇక "పాతదే సురక్షితం" అన్న మాట. నాకు కోపం తెప్పించేది ఇదే. 2022లో డేవిడ్ షుట్జ్ అనే పరిశోధకుడు గూగుల్ పిక్సెల్ ఫోను లాక్ స్క్రీన్‌ను పాస్‌కోడ్ లేకుండా దాటేశాడు. చేసిందల్లా లాక్‌లో ఉన్న ఫోనులో తన సిమ్ పెట్టడం, దాని పిన్ మూడుసార్లు తప్పుగా కొట్టడం, ఫోను పీయూకే (ఆగిపోయిన సిమ్‌ను తెరిచే కోడ్) అడిగితే అది ఇచ్చి సిమ్‌కు కొత్త పిన్ పెట్టడం. అంతే, ఫోను తెరుచుకుంది. కంప్యూటర్ అక్కర్లేదు, నైపుణ్యం అక్కర్లేదు, ఒక సిమ్ చాలు. ఆండ్రాయిడ్ 10 నుంచి 13 వరకూ ఉన్న ఈ లోపాన్ని చూపినందుకు గూగుల్ అతనికి 70,000 డాలర్లు ఇచ్చింది. 2022 నవంబరు భద్రతా అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది. పాతదాన్నే అంటిపెట్టుకున్నవారి ఫోన్లలో ఆ దారి అలాగే ఉండిపోయింది.

కొత్త వెర్షన్‌లో తొలినాళ్ల చికాకులు ఉంటాయని ఒకటి రెండు వారాలు ఆగేవారిని తప్పుపట్టను. ఆండ్రాయిడ్‌లో భద్రతా అప్‌డేట్లు విడిగానూ వస్తాయి. పెద్ద అప్‌డేట్ వాయిదా వేసినా వాటిని ఆపనవసరం లేదు.