పన్నెండు లక్షలు, వెరసి పన్నెండు

సాఫ్ట్‌వేర్ మన సంఖ్యలు రాయడం నేర్చుకుంది. అందుకు ముందుగా అభినందించాలి. భాష తెలుగు అని ఎంచుకోగానే 1234567 కాస్తా 12,34,567 అయిపోతుంది. లక్షలు లక్షల చోట, వేలు వేల చోట కుదురుగా కూర్చుంటాయి. కళ్ళు చెమర్చాల్సిన దృశ్యమే. ఆ చెమ్మ ఆరేలోపు అదే సంఖ్యను కాపీ చేసి, అదే యాప్‌లో పక్కనున్న పెట్టెలో అతికించి చూడండి. ‘దయచేసి సరైన సంఖ్యను నమోదు చేయండి’ అంటుంది.

అలా అన్నదంటే మంచి యాప్ కిందే లెక్క. అంతకన్నా పెద్దమనుషులున్నారు. వాళ్ళు కిక్కురుమనకుండా తీసుకుని, పన్నెండు అని రాసుకుంటారు.

దీన్ని లోపమని తొందరపడి అనకండి, ఇది పని విభజన. ఒకే ఆఫీసులో ఇద్దరు గుమాస్తాలు. రాసే గుమాస్తా బహుభాషా కోవిదుడు. జర్మన్లకు 1.234,56 అని రాసిస్తాడు. ఫ్రెంచి వాళ్ళకు వేల దగ్గర సన్నటి ఖాళీ వదులుతాడు. స్విస్ వాళ్ళొస్తే కామా తీసి పైన చిన్న కొక్కెం తగిలిస్తాడు. ఫార్సీకైతే ఏకంగా అంకెలే మార్చేస్తాడు. ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్ వాళ్ళు, ఏ భాషలో సంఖ్యలు ఎలా రాయాలో చెప్పేందుకు తయారుచేసిన సీఎల్‌డీఆర్ అనే పెద్ద చిట్టా ఆయన బల్ల మీదే ఉంటుంది. తెలుగు పేజీ తిప్పితే #,##,##0.### అని ఆదేశం, అంటే చివరి మూడంకెలు వదిలి ఆపైన రెండేసికి కామా అని.

పక్క సీటులో చదివే గుమాస్తా. పేరు పార్స్‌ఫ్లోట్, రాతలోంచి సంఖ్యను చదివి తీయడం ఆయన పని. వెబ్‌పేజీల్ని నడిపే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ఆయన వంశం. రాసే గుమాస్తాదీ అదే వంశం, కానీ ఇద్దరికీ మాటల్లేవు. ఈయన కాగితం అందుకుని ఎడమ నుంచి మొదలుపెడతాడు. తనకు తెలియని గుర్తు ఎదురవగానే కళ్ళజోడు తీసేసి, అంతవరకు చదివిందే సంఖ్య అని ముద్ర గుద్దేస్తాడు. 12,34,567 ఇస్తే పన్నెండు. స్విస్ కొక్కెంతో పన్నెండు వేలు ఇచ్చినా పన్నెండే. ఫ్రెంచి ఖాళీతో ఇచ్చినా పన్నెండే. ఇంతటి సమభావం ఇంకెక్కడ చూస్తాం! జర్మన్ల పన్నెండు వందల చిల్లర మాత్రం 1.234 అవుతుంది, పోనీ చిల్లర దక్కింది. స్వీడిష్ పద్ధతిలో మైనస్‌కు మామూలు అడ్డగీత కాకుండా లెక్కల పుస్తకాల్లోని అసలు మైనస్ గుర్తు వాడతారు. దాన్ని చూడగానే ఈయన గుమ్మంలోనే కూలబడి ‘ఎన్‌ఏఎన్’, అంటే ‘ఇది సంఖ్యే కాదు’ అంటాడు.

మరి ఈయన్ని మార్చి వేరే ఆయన్ని పెట్టొచ్చుగా అంటారు. జావాస్క్రిప్ట్‌లో సంఖ్యల్ని భాషకు తగ్గట్టు రాసేందుకు ఇంటల్ నంబర్‌ఫార్మాట్ అనే ఏర్పాటు ఉంది, మన రాసే గుమాస్తా అదే. అలా రాసింది తిరిగి చదివే పోస్టు అందులో మంజూరే కాలేదు.

కాబట్టి ప్రోగ్రామర్లు సొంత వైద్యానికి దిగారు. కామాలు పీకేసి చదివిస్తే సరి! ఒక గుర్తు తీసి దాని చోట ఇంకొకటి పెట్టే ఆదేశం రిప్లేస్. దాన్ని రాశారు, కామాను చూపించారు. జావాస్క్రిప్ట్‌లో ఉత్త కామా చూపించి రిప్లేస్ అంటే మొదటిది ఒక్కటే పోతుంది. టెస్టింగ్‌లో 12,345 పెట్టి చూశారు. అందులో ఉన్నదే ఒక్క కామా, పాస్. రిలీజ్. ఆ తర్వాత 12,34,567 వచ్చింది. మొదటి కామా పోయి 1234,567గా మారింది, గుమాస్తా 1234 అని చదివాడు. పన్నెండుతో పోల్చితే అభివృద్ధి కాదా? కామాలన్నీ పీకేసిన వీరులూ ఉన్నారు. వాళ్ళ దగ్గరికి జర్మన్ 1.234,56 వెళ్ళి 1.23456గా బయటికొచ్చింది.

(జావా అనే వేరే ప్రోగ్రామింగ్ భాష సంగతి ఒక్క ముక్క. అందులో సంఖ్యలు రాసే డెసిమల్‌ఫార్మాట్‌కు లక్షల పద్ధతి నేర్పుదామని రెండు కామాలతో నమూనా ఇస్తే చివరి కామానే చూస్తుంది, మూడేసి అంకెలకే కోస్తుంది. ఈ మాట డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. ఎగ్గొట్టిన పనిని ముందే రాసి పెట్టుకుంటే దాన్ని స్పెసిఫికేషన్ అంటారు.)

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ ఫార్సీ కీబోర్డు మీద ఒక మనిషి తన అంకెల్లో తన మొత్తం కొడతాడు. ఆ కీబోర్డు ఇచ్చింది ఆ ఫోనే. ఆ అంకెలు యూనికోడ్‌లో ఉన్నాయి, ఏ గుర్తు విలువ ఎంతో కూడా అక్కడే రాసి ఉంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు తెలుగు అంకెల్లో ‘౧౨౩’ ఇచ్చి పూర్ణాంకంగా మార్చమంటే మారుమాట్లాడకుండా 123 అంటుంది. అంటే కాని పనేం కాదు. ఎవరూ చేయలేదు, అంతే. చేయకపోగా ఎర్ర అక్షరాల్లో ‘చెల్లని సంఖ్య’ అని ఆ మనిషికే చెబుతారు. ఏం చెల్లలేదయ్యా? ఆయన సరిగ్గానే రాశాడు, చదవడం రానిది నీకు! రానప్పుడు ‘నాకు అర్థం కాలేదు’ అని నీ తప్పు నువ్వు ఒప్పుకో. సరైన లెక్క రాసిన మనిషి తనకే రాయడం రాదేమోనని మళ్ళీ మళ్ళీ చెరిపి కొట్టుకునేలా చేయడం సిగ్గుచేటు.

ఆ పన్నెండు సంగతి అంతకన్నా ఘోరం. ఎర్ర అక్షరాలుంటే కనీసం గొడవ పెట్టుకోవచ్చు. ఇక్కడ లక్షలు మింగిన పన్నెండు నేరుగా డేటాబేస్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి నివేదికలకెక్కుతుంది. నివేదిక చూసి అడిగితే ‘మీరు ఎంటర్ చేసిందే ఉంది సార్’ అంటారు.